సైనిక ఎంపిక నడకలకు సాధన బరువు

సాధన బరువు అనగా సైనిక ఎంపిక నడకలకు సిద్ధమయ్యే అభ్యర్థి తన వీపుమూటలో వేసుకొని నడిచే బరువు. నిర్ణీత బరువును వీపున మోస్తూ, నిర్ణీత దూరాన్ని, నిర్ణీత సమయంలో చేరుకోవడం అనేక దేశాల సైన్యాలలో, ముఖ్యంగా ప్రత్యేక దళాలలో, ఎంపిక పరీక్షలో భాగంగా ఉన్నది. భారత సైన్యంలో ఈ వీపుమూటను పిట్టూ అనీ, ఈ నడకను రూట్ మార్చ్ అనీ వ్యవహరిస్తారు. సాధనలో బరువు మరీ తక్కువైతే పరీక్షనాడు భుజాలు, పాదాలు తట్టుకోవు. మరీ ఎక్కువైతే పరీక్ష రాకముందే పాదం ఎముక చిట్లడమో, మోకాలు, నడుము దెబ్బతినడమో జరుగుతుంది. వయోపరిమితి వలన ఒకటి రెండు అవకాశాలు మాత్రమే మిగిలిన అభ్యర్థికి ఇటువంటి గాయం ఉద్యోగాన్నే దూరం చేయగలదు.

హైదరాబాదు పడమటి అంచున ఉన్న లింగంపల్లి ప్రాంతానికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉన్నది. శేరిలింగంపల్లి మండలంలోనే ఉన్న గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలో 2024 డిసెంబరు 8 నుండి 16 వరకు తెలంగాణలోని 33 జిల్లాల అభ్యర్థులకు అగ్నివీర్ నియామక ర్యాలీ జరిగింది. 2007 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన నాలుగవ ప్రపంచ సైనిక క్రీడలకు కూడా ఈ ప్రాంగణం ఒక ప్రధాన వేదిక.

తెలుగు ప్రాంతంలో నియామక పరీక్షలు

సైన్యంలో చేరగోరే యువకులలో ఒక అపోహ విస్తృతంగా కనిపిస్తుంది. వీపున ఇసుక మూట వేసుకొని పరుగెత్తితే ర్యాలీలో నెగ్గుతామన్నదే ఆ అపోహ. నిజానికి అగ్నివీర్ ర్యాలీలో బరువు మోసే అంశమేదీ లేదు. 2024 ర్యాలీ నాటి నియమాల ప్రకారం 1.6 కి.మీ. దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలోపు పరుగెత్తినవారికి 60 మార్కులు, 5 నిమిషాల 45 సెకన్లలోపు పరుగెత్తినవారికి 48 మార్కులు వస్తాయి. కడ్డీ పట్టుకొని శరీరాన్ని పైకి లాగుకోవడం పదిసార్లు చేస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల కందకం దూకడం, వంకరటింకర దూలంపై తూలకుండా నడవడం ఉత్తీర్ణత కొరకు మాత్రమే. ఈ నాలుగింటిలోనూ అభ్యర్థి మోయవలసినది తన శరీర బరువు ఒక్కటే.

తెలంగాణ పోలీసు నియామకాలలోనూ అంతే. 2022 ప్రకటన ప్రకారం పురుషులకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, 4 మీటర్ల లాంగ్ జంప్, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరడం ఉన్నాయి. స్త్రీలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో, 2.5 మీటర్ల లాంగ్ జంప్, 4 కిలోల గుండును 4 మీటర్లు విసరడం ఉన్నాయి. అటవీశాఖ బీట్ ఆఫీసర్ల ఎంపికలో దీర్ఘమైన నడక పరీక్ష ఉన్నది. పురుషులు 25 కి.మీ., స్త్రీలు 16 కి.మీ. నాలుగు గంటలలో నడవాలి. ఇది కూడా ఖాళీ చేతులతో నడిచేదే.

తెలుగు యువకులు పెద్ద సంఖ్యలో ఎదుర్కొనే పరీక్షలలో నిజంగా బరువు మోయించేది రైల్వే గ్రూప్ డి నియామకం. ఇందులో పురుషులు 35 కిలోల బరువును కింద పెట్టకుండా 100 మీటర్ల దూరం 2 నిమిషాలలో చేర్చాలి. స్త్రీలకు 20 కిలోలు. దూరం, సమయం మాత్రం ఒకటే. దీని తరువాత బరువు లేకుండా 1000 మీటర్ల పరుగు ఉంటుంది. రెండు నిమిషాలలో 100 మీటర్లు అంటే గంటకు 3 కి.మీ. వేగం మాత్రమే. కనుక ఇది పట్టు, నడుము బలాలకు పరీక్షే గాని నడక పరీక్ష కాదు. దీనికి సిద్ధమయ్యేవారు పది కిలోమీటర్లు మూటతో తిరగడం వృథా శ్రమ. బరువును నేల నుండి సరిగా ఎత్తడం, ఎత్తిన బరువును కొద్ది దూరం నిలకడగా మోయడం నేర్చుకోవాలి.

బరువు ఎదురయ్యే దశ

సైనికునికి మూట ఎదురయ్యేది ఎంపిక తరువాతనే. హైదరాబాదు గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్, సికిందరాబాదులోని ఇ.ఎం.ఇ. కేంద్రం వంటి శిక్షణ కేంద్రాలలో చేరిన యువకులు క్రమంగా ఆయుధం, నీళ్ళసీసా, మూటలతో నడవడం అలవరచుకుంటారు. 1962లో ఏర్పడిన గోల్కొండ కేంద్రంలో అగ్నివీరుల తొలి జట్టుకు శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. సైన్యంలో దీర్ఘకాలంగా అమలులో ఉన్న బి.పి.ఇ.టి. అనే పోరాట సామర్థ్య పరీక్షలో ఆయుధంతో, యుద్ధ సామగ్రితో 5 కి.మీ. పరుగు ఒక అంశం. 2024 ఆరంభంలో వెలువడిన వార్తల ప్రకారం దీనికి తోడుగా 10 కి.మీ. స్పీడ్ మార్చ్, 32 కి.మీ. రూట్ మార్చ్ లను కూడా పరీక్షలలో చేర్చారు.

బరువు నడక అక్షరాలా ఎంపిక పరీక్షగా ఉండేది పారాచూట్ రెజిమెంటు, అందులోనూ ప్రత్యేక దళాల ప్రొబేషన్ లో. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సైనికులను రాత్రింబగళ్ళు బరువుతో నడిపించి, నిద్ర తగ్గించి, తట్టుకోలేనివారిని తిరిగి వారి యూనిట్లకు పంపివేస్తారు.

పోలీసు వ్యవస్థలో దీనికి సమీపమైన ఉదాహరణ గ్రేహౌండ్స్. ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్.వ్యాస్ 1989లో నెలకొల్పిన ఈ దళం హైదరాబాదు పడమటి శివారులో, లింగంపల్లికి దక్షిణాన ఉన్న గండిపేట, నార్సింగి ప్రాంతంలో కేంద్రం కలిగి ఉన్నది. అడవిలో చిన్న జట్లుగా రోజుల తరబడి కాలినడకన గాలించడం ఈ దళం పద్ధతి. కనుక ఆహారం, నీరు, తూటాలు అన్నీ జవాను వీపు మీదనే ఉంటాయి. వాహనం మీద ఆధారపడని దళానికి బరువు అనేది కేవలం దారుఢ్య పరీక్ష కాదు. ఎన్ని రోజులు అడవిలో ఉండగలరన్నది దాని మీదనే ఆధారపడుతుంది. వ్యాస్ 1993 జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో వ్యాయామం చేస్తుండగా హత్యకు గురయ్యారు.

ఇతర దేశాల కొలతలు

బ్రిటిష్ పారాచూట్ రెజిమెంటు ఎంపికయైన పి కంపెనీలో 16 కిలోల మూట, దానికి అదనంగా తుపాకీతో 10 మైళ్ళ దూరాన్ని 1 గంట 50 నిమిషాలలో చేరాలి. ఇది గంటకు సుమారు 8.8 కి.మీ. వేగం. అనగా కేవలం నడకతో సాధ్యం కాదు, మధ్యమధ్య చిన్న పరుగు తప్పదు. అమెరికా పదాతిదళ నైపుణ్య చిహ్నం కొరకు 35 పౌండ్ల మూటతో 12 మైళ్ళు 3 గంటలలో నడవాలి. నార్వే సైన్యపు నడకలో 11 కిలోలతో 30 కి.మీ. దూరం. నెదర్లాండ్స్ లోని నైమేగన్ పట్టణంలో ఏటా జరిగే నాలుగు రోజుల నడకలో సైనికులు 10 కిలోలు మోస్తూ రోజుకు 40 కి.మీ. నడుస్తారు.

సైన్యంలో చేరకముందే బరువు మోయించే పరీక్షకు ప్రసిద్ధమైన ఉదాహరణ నేపాల్ లోని పోఖరాలో బ్రిటిష్ సైన్యం జరిపే గూర్ఖాల ఎంపిక. ఇందులో డోకో అనే వెదురు బుట్టలో 25 కిలోల ఇసుక నింపి, పట్టీని నుదుటికి తగిలించుకొని, 5 కి.మీ.కు పైగా కొండదారిన ఎగువకు పరుగెత్తాలి. కొండ పల్లెలలో చిన్ననాటి నుండి డోకో మోసినవారికి, పట్టణంలో పెరిగి ఏడాది ముందు సాధన మొదలుపెట్టినవారికి ఈ పరీక్ష ఒక్కటి కాదు.

చరిత్ర

ఈ ప్రశ్న రోమన్ల కాలం నాటిది. రోమన్ రచయిత వెజీషియస్ కొత్త సైనికులను 60 రోమన్ పౌండ్ల వరకు బరువుతో నడిపించాలని వ్రాశాడు. ఇది దాదాపు 20 కిలోలు. 1950లో అమెరికా సైనిక రచయిత ఎస్.ఎల్.ఎ.మార్షల్ సైనికుని బరువు గురించి వెలువరించిన పుస్తకం, అధిక బరువు సైనికుని అలసటనే గాక భయాన్ని కూడా పెంచుతుందని వాదించి ప్రసిద్ధి పొందింది. 1990 నాటి అమెరికా సైన్యపు కాలినడక గ్రంథం పోరాట సమయంలో 48 పౌండ్లు, పోరాట స్థలానికి చేరే నడకలో 72 పౌండ్లు మించరాదని సూచించింది. 160 పౌండ్ల మనిషికి ఇవి శరీర బరువులో 30 శాతం, 45 శాతం అవుతాయి. తరువాతి కాలపు యుద్ధాలలో వాస్తవంగా మోసిన బరువులు ఈ హద్దులను తరచుగా దాటాయి.

ఈ శాతాలను భారతీయ అభ్యర్థి యథాతథంగా తీసుకోవడంలో ఒక చిక్కు ఉన్నది. ఎంపికలో బరువు కిలోలలో నిర్ణయిస్తారు గాని శాతంలో కాదు. 80 కిలోల మనిషికి 25 కిలోల మూట అతని బరువులో 31 శాతం. 55 కిలోల మనిషికి అదే మూట 45 శాతం. తక్కువ బరువున్న వ్యక్తి దూరపు పరుగులో ముందుండి, మూట నడకలో వెనుకబడటానికి ఇదే ముఖ్య కారణం. సన్నగా ఉండే అభ్యర్థి మూటను మరింత ఎక్కువగా మోయడం కంటే, తిండి, వ్యాయామాల ద్వారా తొడ, పిరుదు, నడుము, వీపు కండరాలను పెంచుకోవడం మేలు. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఢిల్లీలోని శరీరధర్మశాస్త్ర ప్రయోగశాల డిపాస్, భారతీయ సైనికులపైనే బరువు మోత అధ్యయనాలు జరిపింది. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 17.5 కిలోల వరకు బరువులతో నడకలో అడుగు, కీళ్ళ కోణాలు ఎలా మారుతాయో పరిశీలించారు.

బరువుకు శరీరం చెల్లించే మూల్యం

బరువు మోతలో ఖర్చయ్యే శక్తిని అంచనా వేయడానికి 1977లో పాండాల్ఫ్, గివోనీ, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు రూపొందించిన సమీకరణం చాలాకాలంగా వాడుకలో ఉన్నది. ఇందులో శరీర బరువు, మూట బరువు, వేగం, ఏటవాలు, నేల స్వభావం అన్నీ లెక్కకు వస్తాయి. ఆధునిక సైనిక బరువుల విషయంలో ఇది అసలు ఖర్చును కొంత తక్కువ చేసి చూపుతుందని 2017లో ఒక అధ్యయనం తేల్చింది. అయినా ఏది ఎంత భారమో పోల్చి చూడటానికి ఇది చక్కగా ఉపకరిస్తుంది.

60 కిలోల మనిషి గంటకు 5 కి.మీ. వేగంతో చదునైన తారురోడ్డు మీద నడుస్తున్నాడనుకుంటే ఈ సమీకరణం ప్రకారం ఖర్చు ఇలా ఉంటుంది:

మూట లేకుండా – సుమారు 264 వాట్లు
10 కిలోల మూటతో – సుమారు 296 వాట్లు
20 కిలోల మూటతో – సుమారు 339 వాట్లు
30 కిలోల మూటతో – సుమారు 395 వాట్లు

మొదటి పది కిలోలకు 33 వాట్లు, రెండవ పదికి 43, మూడవ పదికి 56 చొప్పున అదనపు ఖర్చు పెరుగుతున్నది. అనగా ప్రతి కొత్త కిలో అంతకు ముందు కిలో కంటే ఖరీదైనది. ఇంతకంటే ఆశ్చర్యకరమైనది వేగం ప్రభావం. అదే మనిషి 10 కిలోలతోనే గంటకు 6.5 కి.మీ. వేగం అందుకుంటే ఖర్చు 436 వాట్లకు చేరుతుంది. ఇది 30 కిలోలతో నింపాదిగా నడిచిన దానికంటే ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల సాధన కొరకు బరువు పెంచనక్కరలేదని, తేలికపాటి మూటతో వడిగా నడిస్తే చాలునని దీనివలన తెలుస్తుంది. బరువు పెంచడం అవసరమయ్యేది భుజాలు, నడుము, పాదాలు, ఎముకలు ఆ బరువుకు అలవాటు పడటం కొరకు.

నేల ప్రభావం కూడా తక్కువది కాదు. 20 కిలోలతో గంటకు 5 కి.మీ. వేగాన 5 శాతం ఎగువ వాలు ఎక్కితే ఖర్చు 339 నుండి 534 వాట్లకు, వదులైన ఇసుకలో నడిస్తే 594 వాట్లకు పెరుగుతుంది. కాలికి తగిలించిన బరువు మరీ ఖరీదైనది. 1969లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో పాదాల మీద ఉంచిన బరువు, వీపుకు దగ్గరగా ఉంచిన అదే బరువు కంటే నాలుగు నుండి ఆరు రెట్లు అధిక శక్తిని కోరుతుందని తేలింది. బరువైన బూట్లతో సాధన చేస్తే కాళ్ళు గట్టిపడతాయన్న నమ్మకంతో కాలికి ఇసుక పట్టీలు కట్టుకొని పరుగెత్తేవారు ఈ విషయం గమనించాలి. ఇందువలన కీళ్ళకు కలిగే హాని పొందే ప్రయోజనం కంటే అధికం.

మోసే చోటును బట్టి ఖర్చు మారడం గ్రామీణులకు తెలియనిది కాదు. తలగుడ్డ చుట్ట మీద నీళ్ళకుండ, భుజం మీద కావడి ఇందుకు పాత ఉదాహరణలు. 1986లో తూర్పు ఆఫ్రికా స్త్రీలపై జరిగిన అధ్యయనంలో వారు తమ శరీర బరువులో 20 శాతం వరకు తలపై మోసినా అదనపు శక్తి ఖర్చు కాలేదు. 2005లో నేపాలీ కూలీలపై జరిగిన అధ్యయనంలో పురుషులు సగటున తమ బరువులో 93 శాతం మోస్తున్నట్లు కనుగొన్నారు. అయితే వారు నిదానంగా, అడుగడుగునా ఆగుతూ నడుస్తారు. వారిని చూసి సమయ పరిమితి ఉన్న సైనిక నడకకు బరువు నిర్ణయించుకోరాదు.

సాధనలో బరువు నిర్ణయించడం

సాధారణంగా అంగీకరించబడిన పద్ధతి శరీర బరువులో పదో వంతుతో మొదలుపెట్టడం. 60 కిలోల అభ్యర్థికి ఇది 6 కిలోలు. అంతకు ముందే ఖాళీ వీపుతో గంటన్నర వడిగా నడవగల శక్తి, వారానికి మూడుసార్లు పరుగెత్తే అలవాటు ఉండాలి. బరువు, దూరం, వేగం అనే మూడింటిలో ఒకసారికి ఒకదానిని మాత్రమే పెంచాలి. మూడూ కలిపి పెంచినవారు నెల తిరగకముందే మంచం పట్టడం మామూలు.

ఉదాహరణకు 16 కిలోల లక్ష్యం గల 60 కిలోల అభ్యర్థి మొదటి రెండు వారాలు 6 కిలోలతో 5 కి.మీ., తరువాతి రెండు వారాలు 8 కిలోలతో అదే 5 కి.మీ. నడవవచ్చు. ఐదు, ఆరు వారాలలో 8 కిలోలను అలాగే ఉంచి దూరాన్ని 8 కి.మీ. చేయాలి. ఏడు, ఎనిమిది వారాలలో 10 కిలోలతో 8 కి.మీ., ఆపై రెండు వారాలు 10 కిలోలతో 11 కి.మీ., ఇంకో రెండు వారాలు 13 కిలోలతో 11 కి.మీ., మరి రెండు వారాలు 13 కిలోలతో 14 కి.మీ. నడిచి, చివరి రెండు వారాలలో 16 కిలోలతో 14 కి.మీ. చేరుకోవచ్చు. ఇది నాలుగు నెలల పని. రెండు నెలలలో ముగించాలని చూస్తే కండరాలు, ఊపిరి అందుకుంటాయి గాని ఎముకలు అందుకోవు. ఎముక తన మీద పడే భారానికి తగినట్లు తిరిగి కట్టుకోవడానికి వారాలు పడుతుంది. ఆ లోపల అది ముందుకంటే బలహీనంగా ఉండే దశ కూడా ఉన్నది.

ఎన్ని రోజులకు ఒకసారి మూట వేసుకోవాలి అన్నదానికి 1990లో అమెరికా సైన్య పరిశోధకులు ఇచ్చిన సమాధానం ఆసక్తికరమైనది. నెలకు రెండుసార్లు బరువుతో నడిచినవారు, నాలుగుసార్లు నడిచినవారు పరీక్షలో దాదాపు సమానంగా నిలిచారు. నెలకు ఒకసారి లేదా అసలే నడవనివారు వెనుకబడ్డారు. కనుక వారానికి ఒక మూట నడక చాలు. ఆ మిగిలిన రోజులను పరుగుకు, బలం పెంచే వ్యాయామాలకు, విశ్రాంతికి కేటాయించాలి. బరువు మోత శిక్షణపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షలు కూడా పరుగు, బల సాధన, మూట నడక మూడూ కలిసిన శిక్షణే అధిక ఫలితమిస్తుందని, కేవలం పరుగు చాలదని చెబుతున్నాయి.

లక్ష్యానికి మించిన బరువు మోస్తే పరీక్షనాటి బరువు తేలికగా తోస్తుందని కొందరు శిక్షకులు చెప్పడం కద్దు. ఇది పూర్తిగా నిరాధారం కాదు గాని, ఎంపికకు ముందున్న అభ్యర్థికి అపాయకరమైన సలహా. పరీక్ష బరువునే, పరీక్ష దూరంలో మూడు వంతుల వరకు, పరీక్ష వేగంతో నడవగలిగితే తక్కినది ఆనాటి పట్టుదల పూరిస్తుంది. మూటతో పరుగెత్తడం సాధ్యమైనంత తగ్గించాలి. పి కంపెనీ వంటి పరీక్షలకు అది తప్పనిసరి అయినప్పుడు చివరి నెలలో, తేలికైన బరువుతో, దిగువ వాలు లేని చోట, కొద్ది దూరాలు మాత్రమే చేయాలి. పరీక్షకు ముందు వారం రోజులు మూట ముట్టరాదు.

మూట కట్టే విధానం

బరువు కొరకు ఖరీదైన వస్తువులు అక్కరలేదు. కిరాణా కొట్టులో దొరికే 5 కిలోల బియ్యం సంచి, గట్టిగా మూతి కట్టిన ఇసుక సంచి, నీళ్ళ సీసాలు చాలు. లీటరు నీరు సరిగ్గా ఒక కిలో కనుక సీసాలతో లెక్క సులభం. అలసట ఎక్కువైనప్పుడు నీటిని పారబోసి బరువు తగ్గించుకునే వీలు కూడా ఉన్నది. ఇది బియ్యంతో కుదరని పని. డంబెల్ పలకలు, ఇటుకల వంటి అంచులు గల వస్తువులను నేరుగా వీపుకు ఆనించరాదు. దుప్పటి చుట్టి పెట్టాలి.

బరువైన వస్తువు వీపుకు దగ్గరగా, భుజాల ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. అడుగున గాని, వెనుకకు వేలాడుతూ గాని ఉంటే మనిషి నడుము వంచి మెడ ముందుకు చాచి నడుస్తాడు. నడుము పట్టీ ఉన్న సంచి అయితే బరువులో అధిక భాగం తుంటి ఎముకల మీదికి దిగుతుంది. పరీక్షలో ఇచ్చే సంచికి నడుము పట్టీ లేకపోతే, సాధనలో కొన్ని నడకలైనా పట్టీ విప్పి చేయాలి. లాప్‌టాప్ సంచులు 10 కిలోలకు మించి తట్టుకోవు. వాటి కుట్లు మొదట భుజం దగ్గరే తెగుతాయి.

గాయాలు

అన్నిటికంటే మామూలుది పాదాల బొబ్బ. కొత్త బూట్లు, తడిసిన మేజోళ్ళు దీనికి కారణాలు. చిన్నదిగా తోచినా నడక తీరును మార్చి మోకాలి నొప్పికి దారి తీస్తుంది. పాదపు ముందు భాగంలోని సన్నని ఎముకలలో వచ్చే చిట్లును మార్చ్ ఫ్రాక్చర్ అంటారు. దీనిని 1855లో ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హాప్ట్ మొదటగా వర్ణించాడు. ఆనాటికి ఎక్స్-రే లేదు. అది ఉన్నప్పటికీ తొలి రెండు మూడు వారాలు ఈ చిట్లు అందులో కనిపించకపోవచ్చు. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి, నడిచేకొద్దీ పెరిగే నొప్పి ఉన్నట్లయితే ఎక్స్-రే బాగున్నదని సాధన కొనసాగించరాదు. ఆరు నుండి ఎనిమిది వారాల విశ్రాంతి అవసరం కావచ్చు.

మూట పట్టీలు భుజం మీది నాడులను నొక్కడం వలన చేతికి తిమ్మిరి, బలహీనత వస్తాయి. దీనిని మూట పక్షవాతం అనవచ్చు. చాలామందిలో ఇది బరువు దించిన తరువాత క్రమంగా తగ్గుతుంది గాని, కొందరిలో నెలలు పడుతుంది. చేయి తిమ్మిరెక్కిన వెంటనే ఆగి పట్టీలను సడలించడం, నడకలో అప్పుడప్పుడు బొటనవేళ్ళతో పట్టీలను పైకెత్తి పట్టుకోవడం అవసరం.

స్త్రీలకు ఈ ప్రమాదం అధికం. భారత సైన్యం 2019లో సైనిక పోలీసు విభాగంలో సిపాయిలుగా స్త్రీల ఎంపికను ప్రారంభించింది. వారి తొలి జట్టు 2021 మే నెలలో బెంగుళూరులో శిక్షణ ముగించుకుంది. సగటున శరీర బరువు తక్కువ కావడం వలన ఒకే మూట స్త్రీలకు ఎక్కువ శాతం అవుతుంది. పురుషుల అడుగుతో అడుగు కలపడానికి అంగలు సాచి నడవడం కటి ఎముక చిట్లడానికి కారణమని పలు దేశాల సైన్యాలు గుర్తించాయి. పొట్టివారిని వరుస ముందు నిలిపి, వారి అంగకు తగినట్లు తక్కినవారిని నడిపించడం దీనికి తేలికైన ఉపాయం. రక్తహీనత ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో అభ్యర్థినులు సాధనకు ముందే రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

ఎండ

బరువు నడకలో ప్రాణం తీసేది బరువు కాదు, వేడి. 2013 జూలై 13న బ్రిటన్ లోని బ్రెకన్ బీకన్స్ కొండలలో ప్రత్యేక దళాల రిజర్వు ఎంపికలో భాగంగా 26 కి.మీ. నడుస్తూ వడదెబ్బకు గురై ముగ్గురు అభ్యర్థులు మరణించారు. వారి మూట సుమారు 22 కిలోలు. ఆనాటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు దగ్గర. దీనిపై 2015లో వెలువడిన విచారణ నిర్ణయం నిర్వాహకుల నిర్లక్ష్యాన్ని ఒక కారణంగా పేర్కొన్నది. 2006లో నైమేగన్ నడక కూడా తొలిరోజునే ఇద్దరు వేడికి మరణించడంతో రద్దయింది.

ముప్పై డిగ్రీలు హైదరాబాదులో మామూలు రోజు. మే నెలలో ఇక్కడి పగటి వేడి తరచుగా 40 డిగ్రీలను తాకుతుంది. పైన చెప్పిన శక్తి ఖర్చులో అధిక భాగం శరీరంలో వేడిగా మిగులుతుంది. మూట వీపును కప్పివేయడం వలన ఆ మేరకు చెమట ఆరదు. జూన్ నెలలో తొలకరి తరువాత ఎండ తగ్గినా గాలిలో తేమ పెరగడం వలన ప్రమాదం తగ్గదు. ఏప్రిల్ నుండి జూన్ వరకు తెల్లవారుజామున మొదలుపెట్టి ఏడు గంటలలోపు ముగించడం, చల్లని కాలం నుండి వేడిలోకి మారినప్పుడు పది పదిహేను రోజులు బరువు తగ్గించి నడవడం తప్పనిసరి.

నీరు అధికంగా తాగడం కూడా ప్రమాదమే. అమెరికా సైన్యం గంటకు సుమారు 1.4 లీటర్లకు మించరాదని హద్దు విధించింది. అంతకు మించితే రక్తంలో ఉప్పు పలుచబడి మూర్ఛ రావచ్చు. ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. వంటివి మేలు. నడుస్తున్న వ్యక్తి తడబడటం, పొంతన లేని మాటలు మాట్లాడటం, కోపగించుకోవడం వడదెబ్బకు తొలి గుర్తులు. అతడు తాను బాగానే ఉన్నానని చెప్పినా నమ్మరాదు. మూట, చొక్కా తీసివేసి, అందుబాటులో ఉన్న చల్లని నీటిలో ముంచడం లేదా ఒంటి మీద ఆగకుండా నీరు పోస్తూ గాలి తగిలేలా చేయడం, ఆ తరువాతనే ఆసుపత్రికి తరలించడం ప్రస్తుతం అంగీకరించిన చికిత్స క్రమం. ఒంటరిగా మూట నడకకు వెళ్ళరాదని చెప్పడానికి ఇదే కారణం.

లింగంపల్లి పరిసరాలలో సాధన

దక్కను పీఠభూమి మీద ఉన్న ఈ ప్రాంతం నల్లరాతి గుట్టలతో, వాటి మధ్య చెరువులతో నిండినది. ఒకప్పటి మట్టిదారులలో చాలావరకు ఐ.టి. సంస్థల రాకతో తారు, సిమెంటు రోడ్లుగా మారాయి. చదునైన తారురోడ్డు వేగం కొలుచుకోవడానికి అనుకూలం గాని, గట్టి నేల మీద వారమంతా నడిస్తే పిక్క ముందుటెముక నొప్పి వస్తుంది. రోడ్డు ఒకవైపుకు వాలి ఉండటం వలన ఎల్లప్పుడూ ఒకే అంచున నడిచేవారికి ఒక మోకాలే నొప్పి పెట్టడం కనిపిస్తుంది. మట్టి నేల మీద ఒక రోజు, రోడ్డు మీద ఒక రోజు మార్చి నడవడం మంచిది.

కొండ నడక సాధనకు వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలు దగ్గరి చోటు. లింగంపల్లి రైల్వే స్టేషను సికిందరాబాదు – వాడి మార్గంలో ఉన్నందున వికారాబాదుకు నేరుగా రైలులో చేరవచ్చు. కొండలో మొదటిసారి నడిచేటప్పుడు రోడ్డు మీద మోసిన బరువులో సగం సరిపోతుంది. దిగేటప్పుడు తొడ ముందరి కండరాలపై పడే భారం ఎక్కేటప్పటి కంటే భిన్నమైనది కావడం వలన మరునాడు మెట్లు దిగడం కూడా కష్టమవుతుంది. అటువంటి నొప్పి తగ్గేవరకు, సాధారణంగా మూడు నాలుగు రోజులు, మూట వేసుకోరాదు.